సేనలేని రాయబారి: శ్రీదత్ రాంఫాల్

రాయబారము అనగానే తెలుగువారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఉద్యోగపర్వము. నాటి రాయబారి వెనుక ఏడక్షౌహిణుల సేన గలదు. కౌరవసభలో ఆయన పలికిన మాటకు ఆ బలము కూడ బరువు నిచ్చినది. మరి సేనాబలము గాని, ధనబలము గాని లేని చిన్న దేశము రాయబారిని పంపినచో అతని మాట ఎవరు విందురు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల జీవితము సర్ శ్రీదత్ సురేంద్రనాథ్ రాంఫాల్‌ది. ఆయనను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

దక్షిణ అమెరికా ఉత్తర తీరమున గయానా అను దేశము గలదు. భూగోళపటములో అది ఆ ఖండమునకు చెందినదైనను, భాషలోను, ఆచారములలోను, క్రికెట్టు ఆటలోను కరిబియన్ దీవులకే చుట్టము. బ్రిటిషువారి పాలనలో అక్కడి చెరకు తోటలలో ఆఫ్రికా బానిసలు చాకిరి చేసినారు. బానిసత్వము రద్దయిన పిమ్మట తోటల యజమానులు కూలీలకై మన దేశము వైపు చూచినారు. 1838 నుండి 1917 వరకు 2 లక్షల 30 వేలకు పైగా భారతీయులు ఒడంబడిక కూలీలుగా ఆ దేశమునకు ఓడ లెక్కినారు. అత్యధికులు కలకత్తా రేవు నుండి పోయినవారు. మద్రాసు రేవు నుండి పోయినవారిలో తమిళులతో పాటు మన తెలుగువారును గలరు. ఉత్తర హిందూస్థానము నుండి వెళ్లిన కూలీల వంశములో 1928 అక్టోబరు 3న రాంఫాల్ జన్మించినారు. తండ్రి ఉపాధ్యాయుడు.

లండనులోని కింగ్స్ కాలేజీలో న్యాయశాస్త్రము చదివి, 1951లో ఆయన బారిష్టరైనారు. 1958లో వెస్టిండీస్ దీవులు ఒక సమాఖ్యగా ఏర్పడినవి. గయానా అందులో చేరకున్నను, రాంఫాల్ ఆ సమాఖ్య న్యాయశాఖలో ఉద్యోగము చేసినారు. నాలుగేండ్లకే, 1962లో, అది కూలిపోయినది. చిన్న దేశములు విడివిడిగా నిలిచినచో వాటి మాట లోకములో చెల్లదని ఆయన కన్నులారా చూచి నేర్చిన పాఠము అది.

1966లో గయానా స్వతంత్రమైనప్పుడు అటార్నీ జనరల్ ఆయనే. 1972లో విదేశాంగమంత్రి అయినారు. ఆ ఏడాది డిసెంబరులో గయానా, జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ దేశములు నాలుగును ఒక్కటై, అమెరికా వెలివేసిన క్యూబాతో దౌత్యసంబంధములు నెలకొల్పినవి. 1975 ఫిబ్రవరిలో ఆఫ్రికా, కరిబియన్, పసిఫిక్ ప్రాంతముల 46 దేశములు ఒకే పక్షముగా ఐరోపా ఆర్థికకూటమితో లోమే ఒప్పందము కుదుర్చుకొన్నవి. ఆ బేరములో ముందు నిలిచినవారిలో రాంఫాల్ ఒకరు. అయితే ఒక మాట చెప్పక తప్పదు. బర్నమ్ ప్రభుత్వము 1968లోను, 1973లోను జరిపిన ఎన్నికలు అక్రమముల మయము. ఆ ప్రభుత్వములో ఆయన మంత్రిగా ఉన్నారన్న సంగతి చరిత్ర మరువదు.

1975 జూలైలో ఆయన కామన్వెల్తు సెక్రటరీ జనరల్ పదవి చేపట్టి పదునైదేండ్లు నిర్వహించినారు. ఆ పదవికి ఆజ్ఞాపించు అధికారము లేదు. నచ్చజెప్పుట యొక్కటే సాధనము. నాడు రొడీషియాలో అల్పసంఖ్యాకులైన తెల్లవారు రాజ్యమేలుచుండగా నల్లవారు ఆయుధములు పట్టి పోరాడుచుండిరి. 1979 ఆగస్టులో లుసాకాలో జరిగిన కామన్వెల్తు సభ సంధికి దారి తీసినది. ఆ శరత్కాలమున లండనులోని లాంకాస్టర్ హౌస్‌లో చర్చలు మొదలైనవి. అక్టోబరులో భూమి ప్రశ్న వద్ద చర్చలు చిక్కుకొన్నవి. తెల్లవారి చేతిలోని సారవంతమైన భూములను కొనవలెనన్నచో సొమ్మెవరు పెట్టుదురు? రాంఫాల్ రహస్యముగా లండనులోని అమెరికా రాయబారి కింగ్‌మన్ బ్రూస్టర్‌ను కలిసి, ఆ దేశము ధనసహాయము చేయునన్న హామీ సంపాదించినారు. చర్చలు నిలిచినవి. డిసెంబరు 21న ఒప్పందముపై సంతకములు పడినవి. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే అవతరించినది. భూమి తగవు మాత్రము అంతటితో తీరలేదు. ఇరువది యేండ్ల తరువాత అది మరల రగిలినది.

దక్షిణాఫ్రికా విషయములో పని మరింత కష్టమైనది. ఆంక్షలు వలదని బ్రిటిష్ ప్రధాని శ్రీమతి థాచర్ పట్టుబట్టినారు. 1985లో నసావు సభ ఒక పెద్దమనుషుల బృందమును నియమించినది. మన దేశము నుండి సర్దార్ స్వరణ్ సింగ్ అందులో సభ్యులు. 1986లో వారు చెరసాలలో నెల్సన్ మండేలాను కలిసినారు. కాని మే 19న దక్షిణాఫ్రికా సేనలు పొరుగున ఉన్న మూడు కామన్వెల్తు దేశముల రాజధానులపై దాడి చేయుటతో ఆ ప్రయత్నము భగ్నమైనది. బృందపు నివేదిక ఆంక్షల కోర్కెకు బలము చేకూర్చినది. 1990 ఫిబ్రవరిలో మండేలా విడుదలైన నాలుగు నెలలకు రాంఫాల్ పదవీవిరమణ చేసినారు.

ఇక చివరి ఘట్టము. గయానా భూభాగములో మూడింట రెండు వంతులకు మించిన ఎసెక్విబో ప్రాంతము తనదని వెనిజులా వాదము. 1899లో పారిస్ మధ్యవర్తుల న్యాయస్థానము ఆ ప్రాంతములో అత్యధిక భాగము బ్రిటిష్ గయానాకే చెందునని తీర్పిచ్చినది. ఆ తీర్పు తేదీయు అక్టోబరు 3. సరిగా ఇరువది తొమ్మిదేండ్లకు అదే తేదీన రాంఫాల్ పుట్టినారు. 1962లో వెనిజులా ఆ తీర్పు చెల్లదన్నది. బలమైన పొరుగువానితో యుద్ధము చేయు శక్తి గయానాకు లేదు. కనుక 2018లో అంతర్జాతీయ న్యాయస్థానము గడప తొక్కినది. 2020 జూన్ 30న, మహమ్మారి కారణముగా తెర మీదుగా జరిగిన విచారణలో, తన దేశము పక్షమున తొలి పలుకులు పలికినవారు తొంబదియొక్క యేండ్ల రాంఫాల్. ఆ డిసెంబరులో, కేసు విచారించు అధికారము తనకు గలదని న్యాయస్థానము నిర్ణయించినది.

2024 ఆగస్టు 30న, తొంబదియైదేండ్ల వయసున ఆయన కన్నుమూసినారు. కూలీల ఓడ దిగిన కుటుంబములో పుట్టిన ఆ మనిషి, చిన్న దేశమునకు ధర్మశాస్త్రమే కోట గోడ అని నమ్మి, జీవితమంతయు ఆ గోడకు కావలి కాచినారు.