పికప్ వెనుక క్రౌన్ ఆయిల్ మార్చేటప్పుడు

కల్వకుర్తి చుట్టుపక్కల పత్తి తీత మొదలైతే పికప్ బండ్లకు తీరిక ఉండదు. అందుకే ముందుగానే వెనుక ఇరుసులోని క్రౌన్ ఆయిల్ చూసుకోండి. ఇంజన్ ఆయిల్ అందరికీ గుర్తుంటుంది, దీన్ని మాత్రం శబ్దం వచ్చేదాకా పట్టించుకోరు.

బండిని కాసేపు నడిపితే ఆయిల్ పలచబడి బాగా దిగుతుంది. చదును నేలపై ఆపి చక్రాలకు రాళ్లు పెట్టండి. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి దూరవద్దు. ముందుగా పైనున్న నింపే బోల్టు విప్పండి. అది తుప్పుపట్టి కదలకపోతే కింది బోల్టు ముట్టుకోవద్దు. ఆయిల్ అంతా దిగాక కొత్తది పోసే దారి లేకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

దిగిన ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయన్నమాట. వాగులు దాటే బండ్లలో ఇలా జరుగుతుంది. సీళ్లు, ఇరుసు మీది గాలి గొట్టం చూపించండి. సన్నని బూడిదరంగు పొడి మామూలే, పంటి ముక్క కనబడితే మాత్రం మెకానిక్ విప్పి చూడాల్సిందే.

చిక్కదనం, గ్రేడు బండి పుస్తకంలో చూసి కొనండి. ఈ క్రౌన్‌లకు సాధారణంగా జీఎల్-5 రకం అడుగుతారు. మిగిలింది కదా అని గేర్‌బాక్సులో పోయకండి, జీఎల్-4 కావలసిన చోట ఇత్తడి రింగులు పాడయ్యే ప్రమాదం ఉంది. పుస్తకంలో వేరే చెప్పకపోతే పై రంధ్రం అంచుదాకా నింపి బిగించండి. పాత ఆయిల్ బోరు దగ్గర పారబోయకుండా డబ్బాలో పట్టి, తీసుకునే షాపులో ఇవ్వండి.