మన్నుకే మొగ్గు: కర్నూలు, కడప క్రైస్తవుల్లో ఖననం, దహనం

మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్లేముందు దత్త మండలాలను చివరిసారి చూసి పోదామని వచ్చిన మనిషి ఆయన. మృతదేహాన్ని గుత్తికి చేర్చి అక్కడి ఇంగ్లీషువారి సమాధుల తోటలో పూడ్చారు. నాలుగేళ్ల తర్వాత, 1831లో, అవశేషాలను వెలికితీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించి రెండోసారి సమాధి చేశారు. మన్రో చనిపోయిన 182 ఏళ్లకు, 2009 సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. సెప్టెంబరు 4న ఆయన్ను కడప జిల్లా ఇడుపులపాయలో, సొంత ఎస్టేటులోనే, క్రైస్తవ పద్ధతిలో భూస్థాపన చేశారు.

ఒకరు స్కాట్లండు నుంచి వచ్చిన దొర, ఒకరు పులివెందుల రెడ్డి. ఇద్దరికీ మన్నే దక్కింది. ఈ రెండు పేరున్న సమాధుల మధ్య కర్నూలు, కడప పల్లెల్లో పేరు చెక్కని సమాధులు ఎన్నో ఉన్నాయి. క్రైస్తవులు మృతులను ఎందుకు పూడుస్తారని అడిగితే సంఘంలో వచ్చే జవాబు ఒకటే: పునరుత్థాన నిరీక్షణ. ఆ జవాబు తప్పు కాదు గానీ దానితోనే సరిపోదు. ఈ నేలమీద ఖననం క్రీస్తు పేరు వినబడకముందే ఉంది. నేడు దాన్ని నిలబెడుతున్నదీ, ఇబ్బంది పెడుతున్నదీ సిద్ధాంతం కన్నా స్థలమేనన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

గ్రంథమూ, సంఘమూ

బైబిలులో ఖననమే ఆనవాయితీ. అబ్రాహాము భార్య శారా కోసం వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహను కొన్నాడు. పరదేశంలో ఆ కుటుంబానికి దక్కిన మొదటి సొంత భూమి సమాధి స్థలమే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు మృతదేహాన్ని విత్తనంతో పోలుస్తాడు. విత్తనాన్ని కాలుస్తారా, నాటుతారా అని మెట్టసేద్యపు సీమలో పాస్టరు అడిగితే సభకు మరో వివరణ అక్కర్లేదు.

అయినా అదే గ్రంథంలో ఇంకో దృశ్యం ఉంది. సౌలు, అతని కొడుకులు యుద్ధంలో చనిపోతే యాబేష్గిలాదువాళ్లు రాత్రికి రాత్రే వెళ్లి శవాలను తెచ్చి కాల్చి, ఎముకలను చెట్టు కింద పూడ్చారు. దావీదు వాళ్లను తప్పుపట్టలేదు, మెచ్చుకున్నాడు. తర్వాత ఆ ఎముకలనే తీయించి సౌలు తండ్రి సమాధికి చేర్చాడు. ఆమోసు గ్రంథంలో మాత్రం ఎదోము రాజు ఎముకలను సున్నమయ్యేదాకా కాల్చినందుకు మోయాబు మీద దోషం మోపబడింది. అక్కడ తప్పు నిప్పుదా, పగదా అన్నది వ్యాఖ్యాతల మధ్య చర్చ. దహనం చేయకూడదన్న సూటి ఆజ్ఞ మాత్రం బైబిలులో కనబడదు.

చరిత్రలో ఈ వ్యతిరేకత గట్టిపడింది శత్రువుల చేతల వల్లే. క్రీ.శ. 177లో లియోన్ నగరంలో హతసాక్షుల శవాలను కాల్చి బూడిదను రోన్ నదిలో కలిపారు. ఇక ఎలా లేస్తారో చూద్దామన్నది అక్కడి ఎగతాళి. మూడో శతాబ్ది నాటికి మినూకియస్ ఫెలిక్స్ తన సంవాద గ్రంథంలో క్రైస్తవులు నిప్పుకు భయపడరని, పాత మంచి అలవాటును పాటిస్తున్నారని రాశాడు. పదిహేను వందల ఏళ్లకు పైగా గడిచాక యూరపులో చర్చిని ధిక్కరించే స్వేచ్ఛాలోచనాపరులు దహనాన్ని తమ జెండాగా ఎత్తుకుంటే, 1886లో రోము దాన్ని నిషేధించింది. 1917 నాటి చర్చి న్యాయసంహిత ఆ నిషేధాన్ని ఖాయం చేసింది.

నిషేధం తొలగింది 1963లో. విశ్వాసాన్ని తిరస్కరించే ఉద్దేశం లేకపోతే కథోలికులు దహనం ఎంచుకోవచ్చునని వాటికన్ అనుమతించింది. 1983 సంహిత 1176వ సూత్రం ఖననాన్ని గట్టిగా సిఫారసు చేస్తూనే దహనానికి అడ్డు చెప్పలేదు. 2016లో వచ్చిన ఆదేశం మరికొంత వివరంగా ఉంది: అస్థికలను గాలిలో, నీళ్లలో కలపరాదు, ఇంట్లో దాచుకోరాదు, పవిత్ర స్థలంలో ఉంచాలి. 2023 డిసెంబరులో రోము ఇంకొంచెం సడలించి, అస్థికలకు ఉమ్మడి స్థలం ఉండవచ్చునంది. గంగలో కలపడం అలవాటైన దేశంలో ఈ షరతుల సారాంశం ఒక్కటే. కాల్చినా సరే, చివరికి బూడిదకు ఒక చిరునామా ఉండాలి.

ప్రొటెస్టంట్ల దారి వేరు. ఇంగ్లండు చర్చికి పెద్దయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియం టెంపుల్ 1944లో మరణిస్తే దహనమే చేశారు. బాప్టిస్టు సంఘాలకు పైనుంచి శాసించే న్యాయసంహితే లేదు, ఏ సంఘం తీర్మానం ఆ సంఘానిదే. అంటే కర్నూలు బాప్టిస్టుకైనా, కడప కథోలికుడికైనా తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు గుండా వెళ్లేవాళ్లే అరుదు. కారణం గ్రంథంలో దొరకనప్పుడు నేలలో వెతకాలి.

మిషనరీ రాకముందరి మన్ను

కడప జిల్లా శంఖవరంలో జంతువు ఆకారంలో చేసిన కాల్చిన మట్టి శవపేటిక దొరికింది. ఇప్పుడది మద్రాసు మ్యూజియంలో ఉంది. ఇనుప యుగపు మనుషులు ఈ రాతినేలలో బండలు నిలిపి, గదులు కట్టి, మృతులను కుండలతో సహా దాచిపెట్టారు. తర్వాతి కాలాల్లోనూ ఆ అలవాటు పోలేదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం, కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం జీవసమాధి, కడపలో అమీన్ పీర్ దర్గా. ఈ సీమలో జనం మొక్కే పెద్ద స్థలాల్లో ఈ మూడూ సమాధులే. లింగాయతులు, విశ్వబ్రాహ్మణులు మృతులను కూర్చోబెట్టి పూడ్చడం సంప్రదాయం. దహనం చేసే కులాల్లోనూ పసిబిడ్డలను మన్నుకే ఇస్తారు. సొంత చేలో పెద్దల సమాధులు కట్టుకున్న రైతు కుటుంబాలున్నాయి.

ఈ రెండు జిల్లాల్లో క్రైస్తవంలోకి ఎక్కువగా వచ్చింది మాల, మాదిగ కుటుంబాలు. వాళ్లలోనూ పూడ్చడమే వాడుక. చితికి కట్టెలు కావాలి, కట్టెలు కొనడానికి డబ్బు కావాలి. ముళ్లకంపలు తప్ప చెట్టు ఎదగని మెట్టలో అది చిన్న ఖర్చు కాదు. గుంత తీయడానికి గడ్డపార, పలుగు, బంధువుల భుజాలు చాలు. ‘మన్ను చేసినారు’ అన్న పల్లె మాటకు కొత్త మతం భూస్థాపన అన్న కొత్త పేరు పెట్టింది. అందుకే మతం మార్చుకున్న కుటుంబం అంత్యక్రియల విషయంలో గడప దాటాల్సిన పని రాలేదు. బ్రాహ్మణ, వైశ్య ఇళ్లనుంచి వచ్చిన కొద్దిమందికే దహనం నుంచి ఖననానికి మారడం నిజమైన తెంపుగా మారింది.

గుంత అదే, మారినవి వేరు

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి ఆ మిషన్ కట్టినదే. ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషన్‌కు నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు కేంద్రాలయ్యాయి. కర్నూలు పట్టణాన్ని అమెరికన్ బాప్టిస్టులు ఎంచుకున్నారు, కోల్స్ విద్యాసంస్థ వారి గుర్తే. వీళ్లెవరూ గుంత తవ్వడం నేర్పనక్కర్లేకపోయింది. మార్చింది దాని చుట్టూ ఉన్నవాటిని.

తప్పెట స్థానంలో కీర్తన వచ్చింది. పాడె స్థానంలో, స్తోమతున్న చోట, పెట్టె వచ్చింది. పెద్దకర్మ జ్ఞాపకార్థ కూడిక అయింది. ‘చనిపోయినాడు’ అనే చోట ‘ప్రభువునందు నిద్రించాడు’ అన్నారు. నవంబరు 2న కథోలికులు సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ వచ్చింది. కొత్త కట్టుబాట్లూ వచ్చాయి. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం బాప్తిస్మం లేనివాళ్లకు, ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు ఆ సమాధి క్రమాన్ని చదవొద్దంది. కథోలికుల 1917 సంహితా ఉద్దేశపూర్వక ఆత్మహత్యలకు చర్చి సమాధిని నిరాకరించింది, 1983 సంహిత ఆ మాట వదిలేసింది. రైతు ఆత్మహత్యలు చూసిన సీమలో ఆ సడలింపు కాగితం మీది మార్పు మాత్రమే కాదు.

అన్నిటికన్నా లోతైన మార్పు రాత. మిషన్ సంఘాల భూస్థాపన రిజిస్టరులో పేరు, వయసు, తేదీ ఎక్కేవి. భూమి పట్టా లేని, బడి ముఖం చూడని కుటుంబానికి ప్రభుత్వ కాగితాల బయట తమ పేరు సిరాతో కనబడిన తొలి చోట్లలో అదొకటి. కాస్త నిలదొక్కుకున్న తరం ఆ పేరును రాతి మీదికి ఎక్కించింది. రాతికి ఇక్కడ కొదవ లేదు. బేతంచెర్ల నాపరాయి, కడప బండ దేశమంతా ఇళ్లకు పరుపులవుతున్నాయి. ఇక్కడ సమాధులకు మూతలూ అవే.

ఆ రాతలోనూ అంతస్తులున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల శాసనాలను జె.జె. కాటన్ 1905లో పుస్తకంగా తెచ్చాడు. అందులో ప్రధానంగా ఉన్నది యూరోపియన్ల సమాధులే. పల్లెవాళ్లు ‘దొరల సమాధులు’ అని పిలిచేవాటికి చరిత్ర దొరికింది, పక్కనే ఉన్న తెలుగు సమాధులకు దొరకలేదు.

స్థలం కరువు

ఇప్పటి ఒత్తిడి ఇక్కడే. శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ పంచాయతీల బాధ్యతని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది. పల్లెల్లో వాస్తవం కులాన్ని బట్టి ఉంటుంది. మాలలకు ఒక చోటు, మాదిగలకు ఒక చోటు, ఊరివాళ్లకు మరో చోటు. క్రైస్తవ కుటుంబాలు చాలాచోట్ల తమ కులపు శ్మశానంలోనే పూడుస్తాయి. చర్చికి సొంత సమాధుల తోట ఉన్నచోట ఆ గోడలు తొలగాయనీ అనలేం. తమిళనాడు తిరుచిరాపల్లి మేలపుదూరులో కథోలిక సమాధుల తోటను దళితులకు, ఇతరులకు మధ్య గోడే చీల్చింది.

స్థలం దొరక్కపోతే ఏమవుతుందన్న ప్రశ్న 2025 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఛత్తీస్‌గఢ్ బస్తరులోని ఛింద్‌వాడా గ్రామంలో జనవరి 7న ఒక పాస్టరు చనిపోతే, ఊరి శ్మశానంలో పూడ్చనివ్వమని కొందరు అడ్డుకున్నారు. శవం మూడు వారాలు మార్చురీలో ఉంది. 27న ఇద్దరు న్యాయమూర్తులు వేర్వేరు తీర్పులిచ్చారు. సొంత భూమిలో పూడ్చుకోవచ్చని జస్టిస్ బి.వి. నాగరత్న, క్రైస్తవులకు కేటాయించిన చోటే పూడ్చాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. ఇంకా ఆలస్యం కారాదని, చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్‌లో ఖననానికి ఇద్దరూ ఆదేశించారు. ఇడుపులపాయలో సొంత ఎస్టేటు ఉన్న కుటుంబానికి ఈ ప్రశ్నే రాదు. సెంటు భూమి లేనివాడికి శ్మశానం హద్దు రాయే దిక్కు.

దహనం వైపు తొలి అడుగులు కూడా స్థలం ఒత్తిడిలోనే పడ్డాయి. 2020 జూలైలో కోవిడ్ మృతులకు కేరళలోని అలెప్పీ లాటిన్ పీఠం దహనాన్ని అనుమతించింది. తీరప్రాంతంలో నీళ్లు పైపైనే ఉంటాయి, నిబంధనల ప్రకారం లోతు గుంత తీయడం కుదరదు. అస్థికలను మాత్రం చర్చి సమాధుల తోటలోనే పూడ్చారు. సీమలో సమస్య తిరగబడి ఉంది. నీళ్లు లోతున, బండ పైన. ఎర్రనేలల్లో మోకాలి లోతుకే పలుగు ఖంగుమంటుంది. నల్లరేగడి వానకు జిగట, ఎండకు నెర్రె. అయినా కష్టపడి తవ్వుతారే గానీ చితి మాట ఎత్తరు.

వలస ఇంకో పరీక్ష. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లిన వాళ్లలో ఎవరైనా చనిపోతే శవం పెట్టెలో విమానమెక్కి రావాలి, కాగితాల పని రోజులు పడుతుంది. అంత తిప్పలు పడి తెచ్చేది సొంత మన్నుకోసమే. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ 2015 నాటికే దహనాలు ఖననాలను దాటాయి. బ్రిటన్‌లో పదింట ఎనిమిది వరకు దహనాలే. ఆ దేశాల్లో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఈ ఎంపిక ముందో వెనకో ఎదురవుతుంది.

తేలినది

సిద్ధాంతం దృష్టితో చూస్తే దహనం నేడు కర్నూలు, కడప క్రైస్తవులకు నిషిద్ధం కాదు. చచ్చినవారిని లేపగల దేవుడు బూడిదనుంచి లేపలేడని ఏ పెద్ద సంఘమూ బోధించడం లేదు. ఖననం నిలబడడానికి మూడు బలాలున్నాయి: క్రైస్తవానికన్నా పాతదైన కులాచారం, కట్టెల ఖర్చు, పేరు మిగిలే చోటు కావాలన్న ఆశ. మొదటి రెండూ కాలంతో సడలవచ్చు. మూడోది భూమిలేని కుటుంబాల్లో ఇప్పట్లో సడలదు. కాబట్టి ఖననమా, దహనమా అన్న చర్చను బోధకులు విశ్వాస పరీక్షగా మార్చడం సరికాదు. స్థలం లేక దహనానికి ఒప్పుకున్న కుటుంబాన్ని అనుమానంగా చూడటమూ సరికాదు.

చేయాల్సిన పనులు రెండు ఉన్నాయి. మొదటిది రెవెన్యూ శాఖది: ప్రతి మండలంలోనూ క్రైస్తవుల, దళితుల శ్మశానాలను సర్వే చేసి, హద్దులు పాతి, రికార్డుల్లోకి ఎక్కించాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రెండు నెలల్లో ఇలాంటి స్థలాలను గుర్తించాలని జస్టిస్ నాగరత్న తన తీర్పులో రాశారు, ఆ పనికి ఇక్కడ ఒక శవం మార్చురీలో ఆగేదాకా వేచి ఉండనక్కర్లేదు. రెండోది సంఘాలది: నంద్యాల, కడప, కర్నూలు, జమ్మలమడుగు ప్రాంతాల పాత చర్చిల బీరువాల్లో మిగిలిన భూస్థాపన రిజిస్టర్లను చెదలు తినకముందే ఫొటోలు తీయించి, పరిశోధకులకు అందుబాటులో పెట్టాలి.