కొండలో దూరిన దయ్యం

"మామయ్యా, అది కదిలింది!"

మేనకోడలు మీ చొక్కా అంచు పట్టి లాగుతుంది. తలెత్తి చూస్తారు. ఎదురుగా ఆకాశంలోకి మొనదేలిన తెల్లటి కొండ. చుట్టూ పక్కటెముకల్లా దూలాలు. నిమిషం క్రితం వరకూ అది ఉత్త సిమెంటు గోపురమే. ఇప్పుడు దాని ఒంటి మీద మెరుపొకటి పాకింది. వెనకే ఉరుము. లోపల చిక్కుకున్నదేదో గోడకు చేతులానించి బయటికి తోస్తున్నట్టు ఒక నీడ ఉబికి, చెదిరి, మాయమైంది. మీ చుట్టూ ఉన్న జనం "ఓ..." అని ఒక్కసారే ఊపిరి వదిలారు.

2009 అక్టోబర్. కాలిఫోర్నియాలోని అనాహైమ్. డిస్నీల్యాండ్‌లో టుమారోలాండ్ అనే పేట. పొద్దు గుంకింది గాని, పగటి వేడి ఇంకా నేలలోంచి అరికాళ్ళకు తెలుస్తూనే ఉంది. గాలిలో వేయించిన పిండి, దాల్చినచెక్క కలిసిన వాసన. మీరు ఊరి నుంచి వచ్చి వారం. బావకి ఇక్కడ ఉద్యోగం. అక్క చుర్రో అనే ఆ పిండివంట కొరుక్కుంటూ బెంచీ మీద కూలబడింది.

"నేను రాను బాబూ. నా నడుం సంగతి నాకు తెలుసు. బ్యాగులు ఇలా పెట్టి వెళ్ళండి."

ఆ తెల్లకొండ పేరు స్పేస్ మౌంటెన్. కడుపులో రోలర్ కోస్టర్ ఉంటుంది. మిగతా ఏడాదంతా అది అంతరిక్ష యాత్ర. హాలోవీన్ అనే దయ్యాల పండుగ రోజుల్లో మాత్రం 'ఘోస్ట్ గెలాక్సీ' అని వేషం కడుతోంది. ఈ వేషం మొదట 2007లో హాంకాంగ్ డిస్నీల్యాండ్‌లో కట్టారు. ఇక్కడ ఇదే తొలి ఏడాది. మన దసరా వేషగాళ్ళ లాగే ఇదీ ఈ ఋతువులోనే ముఖానికి రంగు పూసుకుని వీధిలోకొచ్చింది.

పొద్దున పార్కులో అడుగు పెట్టినప్పుడే మెయిన్ స్ట్రీట్‌లో మిక్కీ ముఖం చెక్కిన గుమ్మడికాయ కనబడింది, ఇంటి కప్పంత ఎత్తున. మీకు వెంటనే మన గుమ్మాలకు కట్టే దిష్టి గుమ్మడికాయ గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వాల్సిన పని లేదు. దీని పుట్టుపూర్వాలూ అవే. ఐర్లండ్ పల్లెల్లో దుష్టశక్తుల్ని తరమడానికి టర్నిప్ దుంపల మీద భయంకరమైన ముఖాలు చెక్కేవాళ్ళు. వాళ్ళు అమెరికాకి వలసొచ్చాక, చెక్కడానికి సులువుగా ఉన్న గుమ్మడికాయ దొరికింది. తరమడానికి పుట్టినది ఇప్పుడు దయ్యాలను రమ్మని పిలుస్తోంది, అంతే తేడా.

క్యూ మొదట్లో ఎత్తు కొలిచే గుర్తుంది. మేనకోడలు దాని పక్కన మునివేళ్ళ మీద నిలబడింది. 40 అంగుళాలుంటే చాలు. దానికి ఎనిమిదేళ్ళు, గుర్తు ఎప్పుడో దాటేసింది. అయినా మడమలు దించలేదు.

వరస పైకెక్కింది. కాసేపు పక్క భవనం కప్పు మీద నడుస్తారు. కింద టుమారోలాండ్ దీపాలు, పక్కన గోపురం. మళ్ళీ ఉరుము. ఈసారి మరీ దగ్గర.

"బావా, స్పీడెంత ఉంటుంది?"

"గంటకి 35 మైళ్ళ లోపేరా. కిలోమీటర్లలో చెప్పాలంటే 55 అనుకో. మన పల్లెవెలుగు బస్సు ఇంతకంటే జోరుగా పోతుంది."

"మరి ఎందుకిలా అరుస్తున్నారు?"

"పల్లెవెలుగుకి హెడ్‌లైట్లుంటాయి కదా!"

బావ హాస్యానికన్నాడు గాని, అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. చీకట్లో కోస్టర్ నడపాలన్న ఆలోచన వాల్ట్ డిస్నీ బతికున్న రోజుల్లో, 1960లలో పుట్టింది. ఒకే చీకటి గదిలో, ఒకే పట్టా మీద, ఒకదాని వెనక ఒకటిగా బళ్ళు పరుగెత్తాలి. ఏదీ దేన్నీ గుద్దకూడదు. పట్టాను ముక్కలుగా విడదీసి, ముందు బండి ఒక ముక్క ఖాళీ చేస్తే గాని వెనక బండిని అందులోకి రానివ్వకుండా కంప్యూటర్ కాపలా కాయాలి. అలాంటి కంప్యూటర్లు అప్పటికి చేతికందలేదు. వాల్ట్ 1966లో పోయారు. కొండ మొదట ఫ్లోరిడాలో 1975లో లేచింది. ఇక్కడిది 1977 మే 27న తెరిచారు. పాతబడ్డ పట్టాను 2003లో ఆపి, ఊడదీసి, అదే దారిలో కొత్తది వేసి 2005 జూలైలో మళ్ళీ నడిపారు.

లోపలికి రాగానే చల్లగాలి ముఖానికి కొట్టింది. నడవ మలుపు తిరిగితే విశాలమైన హాలు. 'స్పేస్ స్టేషన్ 77' అని రాసుంది. ఆ 77 ఏమిటో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు. కింద రాకెట్లు వచ్చి ఆగుతున్నాయి. వరసకి ఇద్దరు చొప్పున ఆరు వరసలు, పన్నెండు మంది. దిగేవాళ్ళ ముఖాలు చూస్తారు. జుట్టు చెదిరిన ఒకావిడ పకపకా నవ్వుతోంది. ఆమె పక్కనున్న పెద్దమనిషి మాత్రం ఎక్కడ దిగాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టున్నాడు.

మీ వంతు. మీ పక్కన మేనకోడలు, వెనక వరసలో బావ. కడ్డీ ఒళ్ళోకి దిగింది. ఉద్యోగిని వచ్చి దాన్ని ఒకసారి పైకి లాగి చూసి, కదలదని నమ్మకం కుదిరాక ముందుకెళ్ళింది. చెవుల దగ్గర సీట్లోనే స్పీకర్లు. 2005లో ఇక్కడికి కొత్త సంగీతం చేసింది మైకేల్ జకీనో. ఈ నెల ఆ సంగీతం సెలవులో ఉంది. దాని చోట మీ చెవిలో ఎవరో పళ్ళు బిగించి ఊపిరి పీలుస్తున్నారు.

"మామయ్యా, చెయ్యి ఇటివ్వు."

"భయమా?"

"నాకు కాదు, నీకు."

బండి కదిలింది. ఒక మలుపు, ఒక ఎక్కుడు, ఇంకో మలుపు. తర్వాత పొడుగాటి సొరంగం. బండి పైకి పోతూనే ఉంది, వీపు సీటుకి అతుక్కుంది. ముందు దూరంగా పొగలాంటి వెలుగు. అది తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ రెండు గుంటలు పడ్డాయి. కళ్ళు. కింద మూడో గుంట తెరుచుకుంది. నోరు. మీరు సరిగ్గా దాని నోట్లోకే వెళ్తున్నారు.

కొన మీద ఒక్క లిప్తపాటు అంతా నెమ్మదించింది. ఇక్కణ్ణుంచి బండిని లాగేవాళ్ళెవరూ లేరు. దానికి ఇంజను లేదు. ఎక్కి వచ్చిన ఎత్తే ఇక దాని ఇంధనం.

పడింది.

కుడికి. మళ్ళీ కుడికి. కడుపు ఒక మలుపు వెనకబడింది. పగటి వెలుగులో కోస్టర్ ఎక్కితే కళ్ళు ముందుగా పోయి మలుపు చూసొస్తాయి. మెడ బిగుసుకుంటుంది, ఒళ్ళు సిద్ధపడుతుంది. ఇక్కడ కళ్ళకు పని లేదు. మలుపు వచ్చాకే లోచెవి చెబుతుంది, అదీ ఆలస్యంగా. అందుకే పల్లెవెలుగు వేగం ఉల్క వేగమైంది. చుక్కలు గీతలై సాగాయి. ఎడమ పక్క ఏదో లేచింది. పొగలోంచి చెయ్యి, చేతిలోంచి గోళ్ళు. చెవిలో ఒక అరుపు, మనిషిది కాదు. ఆ వెంటనే పై నుంచి ఇంకో కేక, అది నిఖార్సైన మనిషి కేక. మీ బండిలోది కాదు. ఈ చీకట్లోనే ఎక్కడో మరో పన్నెండు మంది పడుతున్నారు.

గోళ్ళు మళ్ళీ వచ్చాయి. ఈసారి నెత్తి మీదికి. తల వంచేశారు. పట్టుకున్న చిన్న చేతిని నలిపేస్తున్నారేమో కూడా చూసుకోలేదు. కుడికి, కిందికి, ఇంకా కిందికి. ముఖం మీద ఫెళ్ళుమని తెల్లటి వెలుగు. ఆ వెంటనే బ్రేకు.

నిశ్శబ్దం. స్టేషను. ఒళ్ళోంచి కడ్డీ లేచింది. మొత్తం మూడు నిమిషాలు కూడా కాలేదు.

బయటికి దారి తీసే మెట్ల మీద మోకాళ్ళు కొంచెం అరువు తెచ్చుకున్నట్టున్నాయి. బావ వెనక నుంచి చెబుతున్నాడు: "రెండేళ్ళ కిందట మామూలప్పుడు ఎక్కాన్రా. ఇదే దారి, ఇవే మలుపులు. పట్టాలో ఒక్క బోల్టు మార్చలేదు. బొమ్మలు మార్చారు, చప్పుడు మార్చారు."

చీకట్లో తాడును చూసి పామనుకున్నవాడి సంగతి మన వేదాంతులు వందల ఏళ్ళుగా చెబుతున్నారు. దీపం తెస్తే పాము పోయి తాడు మిగులుతుందని. ఇక్కడివాళ్ళకి తాడు సంగతి బాగా తెలుసు. బోల్టు బోల్టుకీ లెక్క రాసుకున్నారు. తెలిసే దీపం తీసేసి పామును అమ్ముతున్నారు. కొనడానికి మీరు గంటన్నర నిలబడ్డారు.

"ఏమైనా, ఆ గోళ్ళు మాత్రం బాగా చేశారు బావా. చివర్లో నెత్తి మీదికొచ్చాయి చూశావా? అయిదు వేళ్ళూ లెక్కపెట్టాను."

"చివర్లోనా? నాకేం కనబడలేదే!"

"నువ్వు సరిగ్గా చూసుండవు."

బయటికొచ్చే దారిలో తెరల మీద ఫోటోలు వరసగా పడుతున్నాయి. ఆఖరి సొరంగంలో మెరిసింది దయ్యం కాదు, కెమెరా. మేనకోడలు అందరికంటే ముందు పరుగెత్తి వెతికి పట్టుకుంది. ఫోటోలో అది రెండు చేతులూ గాల్లోకెత్తి నోరంతా తెరిచి నవ్వుతోంది. మీరు నలుపుతున్నాననుకున్న చెయ్యి కూడా గాల్లోనే ఉంది. వెనక బావ జుట్టు సవరించుకుంటున్నాడు.

"ఈ ఫోటోలో కళ్ళు గట్టిగా మూసుకున్నదెవరు?" అడిగింది మేనకోడలు, గొంతు వీలైనంత అమాయకంగా పెట్టి.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మీ చెయ్యి మీ ప్రమేయం లేకుండానే కళ్ళజోడు మీదికి వెళ్ళింది.