జేబుచాకునకు తగిన ఉక్కు

నిత్యము వాడు చాకునకు అలుగు ఎంచునపుడు ముందుగా కర్బనము చూడవలెను. అది పెరిగినకొలది పదును నిలుచును, పెళుసుదనమును పెరుగును. 1095 అను ఉక్కులో కర్బనము ఇంచుమించు 0.95 శాతము. దానిని సానపట్టుట సులభమే కాని మన మలేసియా తేమకు తుప్పు పట్టును. అరటిబోదె కోసి తుడువక ఉంచిన మా నాన్నగారి చాకు తెల్లవారునప్పటికి నల్లబడినది. తెలంగాణములోని కోనసముద్రమున మూసలలో కరగించగా పారసీకమునకు పోయిన ప్రసిద్ధమైన ఉక్కు కూడ తుప్పు పట్టునదే.

సుమారు 17 శాతము క్రోమియముగల 440సి తేమను బాగుగా ఓర్చును. డి2లో క్రోమియము 12 శాతమున్నను, అందు చాలభాగము కర్బనముతో కూడిపోవును గనుక అది తుప్పునకు పూర్తిగా లొంగనిది కాదు. అమ్మువారు ఈ మాట తరచుగా చెప్పరు.

అరటాకులు, నిమ్మకాయలు కోయుటకు 440సి చాలును. నాకు మాత్రము కర్బనపు ఉక్కే ఇష్టము. పని ముగియగనే తుడిచి నూనె రాయుదును.