ముర్రుపాలు: నిషేధం నుంచి విధి దాకా

ప్రసవించిన తొలి రోజుల్లో చిక్కగా, పసుపు వన్నెతో ఊరే స్తన్యమే ముర్రుపాలు. వీటిని పిండి పారబోసి శిశువుకు తేనె, పంచదార నీళ్లు నాకించడం అనేక తెలుగు కుటుంబాలలో ఆచారం. దీనిని కేవలం అజ్ఞానమని కొట్టివేయలేము. స్తన్యం మూడు నాలుగు రాత్రుల తరువాతనే ప్రవర్తిస్తుందని సుశ్రుతసంహిత శారీరస్థానం చెబుతుంది. అందాక తేనె, నేయి విధిస్తుంది. పాలు సమృద్ధిగా పడేది అప్పుడే గనుక ఆ పరిశీలన సరైనదే. అంతకుముందు ఊరే కొద్దిపాటి ద్రవాన్ని పాలుగా ఎంచకపోవడమే లోపం. రోగనిరోధక శక్తినిచ్చే ప్రతిదేహాలు అందులోనే అధికం.

ఈ చరిత్రలో లాలాగూడ పొరుగున ఉన్న తార్నాకకూ స్థానముంది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొంది. దానికి సంచాలకులుగా పనిచేసిన సి. గోపాలన్ పేద తల్లుల స్తన్యాన్ని అధ్యయనం చేశారు. అరకొర తిండితోనూ పాల ఉత్పత్తి చాలావరకు నిలుస్తుందనీ, ఆ భారాన్ని తల్లి దేహమే మోస్తుందనీ ఆ అధ్యయనాలు సూచించాయి.

1992 నాటి చట్టం డబ్బాపాల, పాలసీసాల ప్రకటనలను నిషేధించింది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టడం నేటి వైద్యవిధి. అయితే నాటి నిషేధమూ నేటి విధీ శిశువు నోటినే చూశాయి. బాలింతకు నీళ్లు, కూరలు తగ్గించే పథ్యం మాత్రం అనేక ఇళ్లలో కొనసాగింది. కనుక ముర్రుపాల చరిత్రను బాలింత కంచంతో కలిపి చదవవలసి ఉంది.