పట్టము పిమ్మటి పరిశోధకుడు

డాక్టరు పట్టము పుచ్చుకొన్న యువశాస్త్రజ్ఞుడు, స్థిరమైన ఆచార్యపదవి లభించులోపల మఱియొక పరిశోధనాలయమునకు పోయి కొన్నియేండ్లు పనిచేయుట యను ఆచారము, వాడుకలో పోస్ట్‌డాక్ అని మనము పిలుచునది, విశ్వవిద్యాలయములంత ప్రాచీనమైనది కాదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేడు, అనగా 1919లో, అమెరికా జాతీయ పరిశోధన మండలి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ధనముతో భౌతిక, రసాయన శాస్త్రములందు ఫెలోషిప్పులు నెలకొల్పగా అది స్థిరరూపము దాల్చి, కొలది వత్సరములలో వైద్య, జీవశాస్త్రములకును వ్యాపించెను. ఆ ఫెలోషిప్పు పరిశోధకుని పేరిటనే మంజూరగుచుండెను. ఏ ఆచార్యుని కడకు పోవలయునో అతడే యెంచుకొని మండలి సమ్మతి పొందుచుండెను. ఈ వ్యవస్థకు ప్రాణము అదియే యని నా నిశ్చితాభిప్రాయము.

అట్టి యండ లేనివారి పాట్లు వేఱు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్టపోసికొనుచు, హార్వర్డునందలి సైరస్ ఫిస్కేతో కలిసి కండరములనుండి ఫాస్ఫోక్రియాటినును, పిదప 1929లో కణములకు శక్తినందించు ఏ.టీ.పీ.ని వెలికిదీసెను. మరుసటి యేట హార్వర్డు పట్టమిచ్చెనేకాని స్థిరపదవి నీయలేదు. పదేండ్లు చిన్న కొలువులలోనే గడపి, ఆయన 1940లో లెడర్లీ ఔషధసంస్థకు తరలిపోయెను.

హరగోవింద ఖొరానాదియు కష్టకాలమే. లివర్పూలులో 1948లో పట్టము పొంది, జూరిచ్‌లో వ్లదిమిర్ ప్రెలాగ్ కడ జీతము లేకయే పనిచేయుచు, పాత జర్మను రసాయన గ్రంథములను తిరుగవేయుచుండగా కార్బోడైయిమైడుల ప్రస్తావము ఆయన కంటబడెను. నాడు ఎవరును లెక్కచేయని ఆ పదార్థములే పిమ్మట ఆయన చేతి పనిముట్లాయెను. సుబ్బారావు కండరములందు కనుగొన్న ఏ.టీ.పీ.ని 1954లో కెనడాలో ఖొరానా ఆ మార్గముననే కృత్రిమముగ కూర్చెను. జీతమెఱుగని ఆ జూరిచ్ నెలల ఫలము అంతటిది!

రెండవ యుద్ధానంతరము ప్రభుత్వధనము ఆచార్యుల పేరిట, ఆయా ప్రాజెక్టులకై ప్రవహింపసాగినది. పదవులు విరివిగ పెరిగినవి. కాని పరిశోధకుడు తన ప్రశ్నను విడిచి ఆచార్యుని ప్రశ్నకు కుదురుకొనవలసిన వాడాయెను. ఈ నష్టము చిన్నది కాదు.

గణనశాస్త్రము జీవశాస్త్రముతో వియ్యమందిన తరువాతను, ఇట్టి స్థానములు దొరకుటలో పరిచయబలము తగ్గలేదు. హార్వర్డు రసాయనాచార్యుడు మార్టిన్ కార్ప్లస్ 1969లో ఇజ్రాయెలునందలి వైజ్‌మన్ సంస్థలో కొంతకాలముండి అచటి ఒక బృందపు గణనపద్ధతుల నెఱుంగగా, ఆ బృందమునందలి అరీ వార్షెల్ పోస్ట్‌డాక్‌గా హార్వర్డునకు వచ్చెను. వారిరువురు 1972లో ప్రకటించిన గణనరచన మైకేల్ లెవిట్‌తోపాటు వారికి లభించిన 2013 నోబెలు బహుమానమునకు దారితీసిన కృషిలో ఒక మెట్టు.

కావున నేడు స్థానము వెదకు మన యువకులకు, యువతులకు నా విన్నపమొక్కటే: ఆచార్యుని వ్యాసములు చదివి, వానిలో మీకు తట్టిన ప్రశ్ననే లేఖగా వ్రాయుడు, సాధ్యమైనంతవఱకు మీ పేరిట వచ్చు ఫెలోషిప్పునే కోరుడు. హైదరాబాదునందలి ఇండియా అలయన్స్ అను సంస్థ అట్టివానిని ఒసగుచునే యున్నది.