బుడుగుకు సూరత్ ఇచ్చిన కలం

ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదావరి పాయలుగా చీలిపోతుంది. గౌతమి వైపు రామచంద్రపురం, కోటిపల్లి ఉన్నాయి. భీమేశ్వరాలయం, సయ్యద్ షా బాజీ ఔలియా దర్గా రెండూ ఉన్న ద్రాక్షారామం కూడా ఆ వైపే. వశిష్ఠ ఒడ్డున నరసాపురం ఉంది. తెలుగు పిల్లల పుస్తకాల తారీఖులో ఈ ఇలాకాకు పెద్ద హిస్సా ఉంది. బుడుగును రాసిన ముళ్లపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. బుడుగుకు సూరత్ ఇచ్చిన బాపు 1933 డిసెంబర్ 15న నరసాపురంలో పుట్టారు. బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ.

ఇద్దరి దోస్తీ మొదలైంది మాత్రం గోదావరి ఒడ్డున కాదు, మద్రాసులో. మైలాపూరు పి.ఎస్. హైస్కూలులో ఇద్దరూ చదివారు. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారు 1945లో ‘బాల’ పత్రిక మొదలుపెట్టారు. చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే ఒకరి రాతలు, మరొకరి గీతలు ఆ పత్రికలో అచ్చయ్యాయి. పిల్లల హునర్‌ను పెద్దలు ఎప్పుడు గుర్తించాలి అని అడిగేవాళ్లకు ఇదే జవాబ్. ‘బాల’ సంపాదకులు ఆ పిల్లలను పెద్దయ్యాక రమ్మనలేదు, అప్పుడే పేజీ ఇచ్చారు.

బాపు నాన్నగారు వకీలు. బాపు కూడా 1955లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లా పూర్తి చేశారు. కానీ కోర్టు కచేరీలకు వెళ్లలేదు. అదే ఏడాది ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. తరువాత అడ్వర్టైజింగ్ కంపెనీలలో పనిచేశారు. వకీలు కొడుకు వకాలత్ వదిలి బొమ్మలు గీస్తానంటే ఈ రోజుకీ మన ఇళ్లలో ఎంత హంగామా జరుగుతుందో ఊహించుకోండి. తమిళ పత్రికల మషూర్ చిత్రకారుడు గోపులును ఆయన ఉస్తాద్‌గా భావించేవారు.

1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు వచ్చాడు. అమెరికాలో 1951 నుంచి వస్తున్న డెన్నిస్ అనే అల్లరి పిల్లవాడితో బుడుగును పోలుస్తుంటారు. కానీ బుడుగు నకలు కాదు. వాడి జుబాన్ అచ్చంగా మన తెలుగు పిల్లవాడిది. రమణ గారు పిల్లల ఉచ్చారణను దిద్దకుండా ఉన్నదున్నట్టు రాశారు. బాపు గారు పిల్లవాడి నజర్‌తో గీశారు. సీగానపెసూనాంబ, గోపాళం, బామ్మ, బాబాయి, ప్రైవేటు మాష్టారు, లావుపాటి పక్కింటి పిన్నిగారి మొగుడు అందరికీ చెహరాలు వచ్చాయి. కథ మరిచిపోయిన వాళ్లకు కూడా ఆ చెహరాలు యాద్ ఉంటాయి.

ఇందులో ఛాపాఖానా సంగతి కూడా ఉంది. ఆ రోజుల్లో బొమ్మను జింకు బ్లాకుగా చేసి అక్షరాలతో పాటు అచ్చు వేసేవారు. నాసిరకం న్యూస్‌ప్రింటు కాగితం మీద లేత నీడలు, సన్నని రంగు తేడాలు నిలవవు, మరకలవుతాయి. గట్టి నల్ల గీత మాత్రం సాఫ్‌గా పడుతుంది. చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్య గారు రంగులతో ఒక జన్నత్ చూపించారు. లోపలి చవక కాగితం మీద బ్రష్షు గీతతోనే మొత్తం ఇంటిని చూపించిన ఫన్ బాపుది. పది గీతల పని నాలుగు గీతల్లో అవ్వాలంటే మిగిలిన ఆరు గీతలు ఎక్కడ తీసేయాలో తెలియాలి. అది ఏళ్ల తరబడి మెహనత్ చేస్తే వస్తుంది.

ఆయన చేతిరాత మరో ఖజానా. పుస్తకాల అట్టల మీద, కథల శీర్షికలలో ఆయన రాసిన అక్షరాలే తరువాత కంప్యూటర్ ఫాంటులకు నమూనా అయ్యాయి. పెళ్లి శుభలేఖల మీద, దుకాణాల బోర్డుల మీద అవి ఇప్పటికీ కనిపిస్తాయి. ఉర్దూలో అందంగా రాసేవాడిని ఖుష్‌నవీస్ అంటారు, ప్రతిని రాసి ఇచ్చేవాడిని కాతిబ్ అంటారు. బాపు బతికిన మద్రాసులోనే, ట్రిప్లికేన్‌లో, 1927లో మొదలైన ‘ముసల్మాన్’ ఉర్దూ దినపత్రికను కాతిబులు చేత్తో రాసి తెచ్చేవారు. ఒకే షహర్‌లో రెండు జుబానుల అక్షరాలను చేతివేళ్లే కాపాడాయి. కలం, కాగితం, జిల్దు, నకలు లాంటి మాటలు అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయినవే కదా!

1967లో ‘సాక్షి’తో బాపు సినిమాల్లోకి వెళ్లారు. హిందీలో ‘హమ్ పాంచ్’, ‘వో సాత్ దిన్’ తీశారు. బడే గులాం అలీ ఖాన్ గానం, మెహదీ హసన్ గజళ్లు ఆయనకు ఇష్టం. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు బాపు రమణలు సర్కారు బడి పిల్లల కోసం వీడియో పాఠాలు తయారు చేశారు. అంటే సినిమాల షోహ్రత్ వచ్చాక కూడా పిల్లల పనిని వాళ్లు చిన్న పనిగా అనుకోలేదు. 2011 ఫిబ్రవరిలో రమణ గారు వెళ్లిపోయారు. 2013లో బాపుకు పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో ఆయన ఇంతకాల్ అయ్యారు. విజయవాడలోని విక్టోరియా జూబిలీ మ్యూజియానికి 2020లో ఆయన పేరు పెట్టారు.

ఇక మన ఘరానాల మాట. బుడుగు ఇల్లు మన ఇల్లు కాదు. ఆ బామ్మ మడి వేరు, మన దాదీమా తస్బీ వేరు. అయినా మన పిల్లలు బుడుగును చదివి నవ్వారు, ఎందుకంటే అల్లరికి మజహబ్ లేదు. కానీ సేమ్యా వండే అమ్మీ, ఈద్గాకు వేలు పట్టుకుని తీసుకెళ్లే అబ్బా, అరబ్బీ మదర్సాకు పరుగెత్తే టోపీ పిల్లవాడు తెలుగు పిల్లల పుస్తకాల బొమ్మల్లో చాలా తక్కువగా కనిపిస్తారు. కనిపించినా ఎక్కువసార్లు పండగ పాఠంలో ఒక పేజీకే పరిమితం. పుస్తకంలో తన ఇల్లు ఎప్పుడూ కనిపించని పిల్లవాడు ఆ జుబాన్ తనది కాదేమో అనుకునే ఖత్రా ఉంది. తెలుగు మన మాదరీ జుబాన్ అని మనం ఎంత గట్టిగా చెప్పుకున్నా ఆ ఖాళీ పేజీ నిండదు.

దీనికి బాపును షికాయత్ చేయడం ఇన్సాఫ్ కాదు. ఆయన తనకు తెలిసిన ఇంటిని, తనకు తెలిసిన వీధిని సచ్చాయీతో గీశారు. మన గల్లీని గీయాల్సింది ఆ గల్లీ తెలిసినవాళ్లే. రామచంద్రపురంలోనో, ద్రాక్షారామంలోనో ఏ బచ్చీ అయినా నోటుబుక్కు వెనక పేజీలో నానీ బొమ్మ గీస్తుంటే, దాన్ని చించకండి. ఇంకో కాగితం, మంచి కలం ఇవ్వండి.